గుర్రానికి కుక్క పేలు పడ్తయా?

(వరంగల్‌లో గుర్రాలు సాకేవాళ్ల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసినం. మాటతీరు ఉన్నదున్నట్టే ఉంచినం.)

అందరికి నమస్తె, ఆదాబ్. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డోళ్లు ముందుకు రాండ్రి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. ఫోన్లు జర సైలెంట్ల పెట్టుండ్రి.

ఒక్క ప్రశ్నతోని మొదలుపెడ్త. "సార్, గుర్రం ఒకటే గోడకు రాసుకుంటున్నది. మా కుక్కకు పేలున్నయి. కుక్క పేలు గుర్రానికి పడ్తయా?" ఇది గుర్రాలోళ్లు అందరు అడిగే ప్రశ్ననే. జవాబు రెండు మాటలు. పడ్తయి. కానీ నిలువయి. పడుడు వేరు, నిలుచుడు వేరు. ఆ తేడా పట్టుకుంటే సగం వైద్యం మీకు వచ్చినట్టే.

ముందుగాల పేరు సంగతి. మనం కుక్క పేను అంటం గని అది పేను కాదు. పేను పాకుతది, ఇది దుంకుతది. పుస్తకాలల్ల దీన్ని మిన్నల్లి అని రాస్తరు, ఇంగ్లిష్ల ఫ్లీ అంటరు. మిన్నల్లి అని ఇక్కడ ఎవరన్న అంటరా? అనరు కదా. నేను దుంకుడు పురుగు అంట, మీకు అర్థమైతది. రెండు మూడు మిల్లీమీటర్లుంటది, చింతగింజ రంగు, రెక్కలుండయి, రెండు పక్కల నుంచి నొక్కినట్టు పల్చగ ఉంటది. ఎందుకట్ల? వెంట్రుకల నడుమ నుంచి సర్రున జారిపోవడానికి.

ఇప్పుడు అసలు విషయం. కుక్క మీద, పిల్లి మీద మనకు కనబడేది ఎక్కువ శాతం పిల్లి జాతి దుంకుడు పురుగే. మనిషికి ఒక జాతి ఉన్నది, ఎలుకకు ఒకటి ఉన్నది, కోడికి ఒకటి ఉన్నది. గుర్రానికి? గుర్రానికంటు సొంత దుంకుడు పురుగు లేదు. ఎందుకు లేదు? ఆలోచించుండ్రి. కుక్క, పిల్లి, ఎలుక రోజు ఒక్కతాననే పండుకుంటయి. పురుగు గుడ్లు ఆ పడక మీద రాలుతయి, అక్కడనే పిల్లలైతయి, రాత్రి మళ్ల అదే జంతువు వచ్చి పండుకుంటది, బువ్వ దొరుకుతది. గుర్రమేమో బయట తిరిగే జీవం. నిలబడి కునుకు తీస్తది, ఇయ్యాల ఇక్కడ, రేపు ఇంకోతాన. దాని కింద గుడ్డు రాలితే ఆ పిల్లకు మళ్ల గుర్రం దొరికేదెన్నడు? అందుకే గూడు, బొరియ, పడక ఉన్న జంతువులకే ఈ పురుగు ఎక్కువ. గిట్టల జంతువులకు తక్కువ.

మరి మనం ఏం చేసినం? గుర్రానికి గూడు కట్టినం. చిన్న కొట్టం, మట్టి నేల, రోజు అదే గుంజకు కట్టేస్తం. మూలకు గడ్డి మీద పిల్లి ఈనింది. గడప కాడ కుక్క. ఆ పక్కకు నాలుగు మేకలు, పైన కట్టె మీద కోళ్లు. నవ్వకుండ్రి, మీ ఇండ్లల్ల ఉన్నదే చెప్తున్న. అడవిల గుర్రానికి లేని రోగం మన కొట్టంల ఎందుకు వస్తది అంటె ఇందుకే వస్తది. మేకలను మరువకుండ్రి. ఆ పిల్లి జాతి పురుగే మేకలకు కూడ పడ్తది, మేకపిల్లలకు మస్తుగ పడితే నెత్తురు తక్కువై చచ్చిపోతయి కూడ. కోళ్లకుండే పురుగు ఇంకో రకం. అది దుంకుడు మానేసి కోడి జుట్టుకు, కండ్ల చుట్టు అతుక్కొని ఉంటది. నల్ల చుక్కలు పెట్టినట్టు కనబడ్తది. కోళ్లు గుర్రం పక్కన ఉంటే అది కూడ గుర్రం మూతికి, కంటి చుట్టు అతుక్కోవచ్చు.

లెక్క వినుండ్రి. మంచి ఊపు మీద ఉన్న ఆడ పురుగు రోజుకు 40, 50 గుడ్లు పెడ్తది. గుడ్డు నున్నగ ఉంటది, వెంట్రుకకు అంటదు, జారి కింద పడ్తది. దుమ్ముల పొదిగి సన్నని తెల్ల పురుగైతది. అది వెలుగుకు భయపడ్తది, పగుళ్లల్లకు, గడ్డి కిందికి పోతది. తల్లి విసర్జించిన ఎండిన నెత్తురు పొడి తిని పెరుగుతది. తర్వాత చిన్న గూడు అల్లుకుంటది, దుమ్ము అంటుకొని ఆ గూడు కనబడనే కనబడది. వానకాలం తేమల ఇదంత మూడు నాలుగు వారాల పని. ఇక్కడ ఒక మోసం ఉన్నది, మంచిగ వినుండ్రి. గూటిల ఉన్న పురుగు నెలల తరబడి ఆగగలదు. పైన అడుగుల చప్పుడు, వేడి, ఊపిరి తగిలినంకనే బయటికి వస్తది. మూఢంల పెండ్లిళ్లు ఉండయి, గుర్రాన్ని ఊరికి తోలి కొట్టం రెండు నెలలు మూసేస్తరు. ముహూర్తాలు మొదలైనయని తెచ్చి కడ్తరు. కట్టిన రోజే మీ కాళ్ల నిండ పురుగులు. "ఖాళీగ ఉన్న కొట్టంల పురుగులెట్ల సార్?" ఖాళీగ లేదు. అవి మీకోసమే చూస్తున్నయి.

కాబట్టి గుర్రం మీద కనబడే పురుగు ముల్లెల పైసా వంతు. వందల ఐదు జంతువు మీద ఉంటే, మిగిలిన తొంభై ఐదు గుడ్లుగ, పిల్లలుగ, గూళ్లుగ నేల మీద ఉంటయని లెక్క చెప్తరు. మరి గుర్రానికి మందు కొట్టి నేలను ఇడిసిపెడ్తే ఏమైతది? ఏం కాదు. మందు పైసలు పోతయి.

ఉన్నయా లేవా ఎట్ల తెలుసుకోవాలె? రెండు పరీక్షలు, రెండూ ఉట్టిగనే. మొదటిది, తెల్ల కాగితం. గుర్రం వీపు మీద, తోక మొదట్ల సన్న పండ్ల దువ్వెనతోని దువ్వి, రాలిన చెత్త కాగితం మీద పట్టుండ్రి. నల్ల నల్ల రవ్వలున్నయనుకోండ్రి. దుమ్మా, పురుగు రెట్టా? తడి దూది అద్దుండ్రి. ఒక నిమిషం ఆగుండ్రి. దుమ్మైతే దుమ్ములెక్కనే ఉంటది. రవ్వ చుట్టు ఎర్రగ, తుప్పు రంగుల మరక పాకితే అది జీర్ణమైన నెత్తురు, అంటె దుంకుడు పురుగు ఉన్నట్టే. కుక్కకు కూడ ఇదే పరీక్ష చెయ్యుండ్రి, అసలు అక్కడనే ఎక్కువ దొరుకుతది. రెండోది, తెల్ల సాక్సులు. మోకాలి దాక తొడుక్కొని కొట్టంల పది నిమిషాలు మెల్లగ తిరుగుండ్రి, ముఖ్యంగ కుక్క పండుకునే మూలకు. బయటికొచ్చి చూసుకుంటే నల్లగ ఎక్కి ఉంటయి.

ఉన్నయని తేలింది. ఏం చెయ్యాలె? అన్ని జీవాలను బయట కట్టెయ్యుండ్రి. పాత గడ్డి, పరుపు మొత్తం తీసి దూరంగ కాలబెట్టుండ్రి. మట్టి నేలైతే పైన రెండు మూడు అంగుళాలు చెక్కి తీసెయ్యుండ్రి, గోడ మొదలు కాడ, గుంజ చుట్టు ఇంకొంచెం లోతుగ. ఎండ తగలనియ్యుండ్రి, ఎండకు, పొడికి ఆ తెల్ల పురుగు బతకది. తర్వాత నేలకు, గోడకు మూడడుగుల ఎత్తు దాక డెల్టామెత్రిన్ లాంటి మందు కొట్టి, పూర్తిగ ఆరినంక కొత్త మొరం పోసి దిమ్మిస చెయ్యుండ్రి. మొరం మీద ఇంకో తడి కొట్టి, అది కూడ ఆరినంకనే జీవాలను తేవాలె. రెండు వారాలకు మళ్ల మందు కొట్టాలె. ఎందుకు మళ్ల? గూటిలున్నదాన్ని మందు ముట్టదు, అది బయటికొచ్చినంకనే చస్తది. అదే రోజు కుక్కకు కుక్క మందు, పిల్లికి పిల్లి మందు. కుక్క మందు పిల్లికి పెట్టకుండ్రి. కుక్క మందులల్ల ఉండే పర్మెత్రిన్ కుక్కకు ఏం కాదు, పిల్లిని చంపుతది. గుర్రానికి పర్మెత్రిన్ కొట్టిన రోజు కూడ, అది ఆరేదాక పిల్లిని దగ్గరికి రానియ్యకుండ్రి.

దుంకుడు పురుగు సంగతి ఇంతే. నిజం చెప్పాలంటె గుర్రం రాసుకుంటే నేను ముందుగాల అనుమానపడేది దీన్ని కాదు. పేలను అనుమానపడ్త. అసలు పేలను.

గుర్రం పేను గుర్రానిదే. మీ పిల్లల తలకెక్కది, కుక్కకెక్కది, మేకకెక్కది. పుట్టుడు, పెరుగుడు, చచ్చుడు అంత గుర్రం ఒంటి మీదనే. దుంకుడు పురుగుకు సరిగ్గ ఉల్టా. అక్కడ నేల ముఖ్యం, ఇక్కడ ఒళ్లు ముఖ్యం. ఈ పేలల్ల రెండు రకాలు. ఒకటి నెత్తురు తాగేది, జూలు మొదట్ల, నొసటి వెంట్రుకలల్ల, తోక మొదట్ల, గిట్ట పైన కీలు కాడ ఉంటది. ఇంకోటి చర్మం మీది పొట్టు కొరికి తినేది, చిన్నగ ఉంటది, మెడ పక్కలకు, డొక్కలకు ఎక్కువ. ఈ తేడా ఎందుకు చెప్తున్న? మందు తేడా ఉన్నది కాబట్టి. మూతిల పెట్టే ఐవర్‌మెక్టిన్ నెత్తుర్ల కలుస్తది, నెత్తురు తాగేదాని మీద పని చేస్తది. పొట్టు తినేదానికి నెత్తురుతోని పనే లేదు, దానికి పై మందే కొట్టాలె.

కార్తీకం నుంచి మాఘం దాక, చలికాలంల పేలు ఎక్కువ. గుర్రానికి వెంట్రుక పొడుగు పెరుగుతది, మనం చలికి కడుగుడు, దువ్వుడు తగ్గిస్తం, గొంగడి కప్పుతం. పేనుకు పండుగ. సూడాలంటె ఎండల నిలబెట్టుండ్రి. జూలును పాపిడి తీసినట్టు తీసి, వెంట్రుక మొదలు కాడ ఒక నిమిషం కదలకుండ చూడుండ్రి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఎండ వేడికి అవి మెల్లగ కదులుతయి. ఈపులు, అంటె పేను గుడ్లు, వెంట్రుక మొదట్ల అతికి ఉంటయి, గోరుతోని గీరితే తప్ప రావు.

ఇక్కడ చానామంది పొరపడ్తరు. ముందు కాళ్ల మీద, ఛాతి మీద లేత పసుపు రంగుల సన్న గుడ్లు కనబడ్తయి. "ఈపులు సార్" అంటరు. ఈపులు కావు. అవి బాట్ ఈగ గుడ్లు. తేనెటీగ లెక్క ఉండే ఈగ వచ్చి వెంట్రుక చివరల మీద పెట్టిపోతది. గుర్రం నాకుతది, పిల్ల నోట్లకు పోతది, కడుపుల గోడకు కరుచుకొని నెలల పాటు ఉంటది. గోరువెచ్చని నీళ్లల్ల గుడ్డ ముంచి గట్టిగ తుడుస్తే వేడికి గుడ్లు అక్కడనే పగుల్తయి, పిల్లలు గుడ్డకు అంటుకొని పోతయి. ఆ గుడ్డను కాలబెట్టుండ్రి. లోపటికి పోయినదానికి ఐవర్‌మెక్టిన్ ఉన్నది.

మళ్ల పేల కాడికి. ఒక గుర్రం నుంచి ఇంకోదానికి ఎట్ల పోతయి? ఒళ్లు ఒళ్లు తగిలితే పోతయి. దానికంటె ఎక్కువ మన చేతుల మీదనే పోతయి. బారాత్‌కు పోతం. జరీ బట్ట ఒక్కటే, రాత్రి మూడు గుర్రాలకు మారుతది. జీను కింది బట్ట ఒక్కటే. బ్రష్షు ఒక్కటే. ఎవరి గుర్రం నుంచి ఎవరి గుర్రానికి పోయిందో దేవునికెరుక. ఒక్కో గుర్రానికి ఒక్కో బ్రష్షు, ఒక్కో జీను బట్ట పెట్టుండ్రి, ఆ ఖర్చు మందు ఖర్చు కంటె తక్కువ. జరీ బట్టను ఉతకలేం కదా, దాని కింద పల్చని నూలు బట్ట ఒకటి ఏసి, దాన్ని ప్రతి బారాత్ తర్వాత సలసల కాగే నీళ్లల్ల వెయ్యుండ్రి. ఉతకరానివాటిని నల్ల పాలిథిన్ సంచిల మూతి కట్టి ఎండల రెండు వారాలు పడేస్తే సరిపోతది. ఒంటి మీద నుంచి దిగిన పేను ఎక్కువ రోజులు బతకది.

మందు ఒక్కసారి కొడ్తే పోదు. దాన్ని రాసుకోండ్రి, ఫోన్ల అలారం పెట్టుకోండ్రి. మందు ఈపును చంపది. ఈపు పగలడానికి వారం నుంచి రెండు వారాలు పడ్తది. అందుకే మొదటిసారి కొట్టిన 14వ రోజు మళ్ల కొట్టాలె. ఐదో రోజు కొడ్తే ఇంకా పగలనివి మిగుల్తయి. నెల తర్వాత కొడ్తే అప్పటికే కొత్త పేలు గుడ్లు పెట్టేస్తయి. ఇంట్ల ఐదు గుర్రాలుంటే ఐదింటికీ అదే రోజు. "ఆ నాలుగు మంచిగనే ఉన్నయి కదా" అంటరు. ఆ మంచిగున్నదాని మీదనే పది పేలు దాక్కుంటయి.

ఇంకో మాట. నాలుగు గుర్రాలల్ల ఒక్కదానికే విపరీతంగ పడినయంటె పేలను తిట్టకుండ్రి, ఆ గుర్రాన్ని చూడుండ్రి. ముసల్దా? పండ్లు అరిగి దాణ నమలలేకపోతున్నదా? కడుపుల పురుగులున్నయా? బలం తగ్గిన ఒంటి మీదనే పేలు పెరుగుతయి.

ఇప్పుడు మందు కలుపుడు. డబ్బా మీద డెల్టామెత్రిన్ 1.25 శాతం అని ఉన్నదనుకోండ్రి. అంటె ఒక మిల్లీలీటర్ల 12.5 మిల్లీగ్రాముల మందు. డాక్టరు 25 పీపీఎం అని రాస్తే, అంటె లీటరు నీళ్లల్ల 25 మిల్లీగ్రాముల మందు, లీటరు నీళ్లకు డబ్బాల మందు 2 మిల్లీలీటర్లు. ఐదు లీటర్ల పంపుకు 10 మిల్లీలీటర్లు. మూతతోని పోసుడు కాదు, సూది తీసేసిన సిరంజితోని కొలువుండ్రి. మూత ఒక్కో కంపెనీది ఒక్కో సైజు. ముందు ఒక అరచెయ్యంత జాగల రాసి, తెల్లారి చూడుండ్రి. దద్దు లేస్తే ఆ మందు వద్దు, గుర్రం చర్మం బర్రె చర్మం కాదు. దద్దు లేకుంటే పొద్దున చల్లపూట కొట్టుండ్రి, చెమట మీద కొట్టొద్దు, పుండు మీద కొట్టొద్దు. మొకానికి పంపు కొట్టుడు లేదు, గుడ్డ తడిపి కండ్లు, ముక్కు తప్పించి తుడువాలె. తొడుగులు ఏసుకోండ్రి. మందు ఆరినంకనే జీను.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటె ముఖ్యం. ముచ్చట్లు ఆపుండ్రి ఒక్క నిమిషం. అమిట్రాజ్. ఆవులకు, బర్రెలకు, మేకలకు పిడుదుల కోసం కొట్టే మందు, మెడికల్ షాపుల 12.5 శాతం డబ్బా దొరుకుతది. మీ ఇంట్ల బర్రెకు తెచ్చింది సగం మిగిలి ఉంటది. గుర్రానికి కొట్టకుండ్రి. ఒక్క చుక్క కూడ వద్దు. ఏమైతది? అది గుర్రం పేగు కదలికను ఆపేస్తది. పేగు ఆగితే పెండ లోపలనే గట్టిపడ్తది, కడుపునొప్పి, గుర్రం దొర్లుతది. తల వేలాడేసి మత్తుగ నిలబడ్తది. చర్మం మీద కొడ్తే కడుపునొప్పి ఎందుకొస్తది అని మీరు అనుకోవచ్చు, చర్మం నుంచి లోపటికి పోతది కాబట్టి వస్తది. పొరపాటున కొట్టిండ్రా? వెంటనే సబ్బు నీళ్లతోని మంచిగ కడిగి, డాక్టర్‌కు ఫోన్ చేసి "అమిట్రాజ్ కొట్టినం" అని మందు పేరుతోని చెప్పుండ్రి. సిగ్గుపడి దాస్తే డాక్టరు మామూలు కడుపునొప్పి అనుకుంటడు.

ఇట్లనే కిరోసిన్ వద్దు, చర్మం కాలి పొక్కుతది. వాడిన ఇంజన్ ఆయిల్ వద్దు, అండ్ల సీసం లాంటి విషాలుంటయి, గుర్రం నాకుతది. పాతకాలం గమాక్సిన్ పొడి ఇంకా ఎవరింట్లనన్న ఉంటే అది నిషేధించిన మందు, పక్కన పెట్టెయ్యుండ్రి.

గజ్జి. గజ్జి పురుగు మామూలు కంటికి కనబడది. గుర్రానికి ముఖ్యంగ మూడు రకాలు. చర్మం లోపట సొరంగం తవ్వేది ఒకటి, తల, మెడ, భుజం కాడ మొదలై ఒళ్లంత పాకుతది. వెంట్రుక ఊడి, చర్మం ఏనుగు తోలు లెక్క మడతలు పడ్తది. రెండోది జూలు, తోక మొదలు, చెవుల కాడ ఉంటది. మూడోది కాళ్లకు, గిట్ట పైన వెంట్రుకలల్ల. రాత్రిపూట గుర్రం టపటప నేల తన్నుతున్నదంటె ఈ మూడోదాన్ని అనుమానించుండ్రి. మొదటిది మనిషికి కూడ అంటుతది. గుర్రాన్ని మాలీషు చేసేటాయనకు ముంజేతి మీద, కడుపు మీద ఎర్ర పొక్కులొచ్చి దురద పెడ్తే, ఆ మాట పశువుల డాక్టర్‌కు తప్పకుండ చెప్పుండ్రి. మనిషి మీద ఆ పురుగు నిలువది, గుర్రం బాగైతే అది కూడ పోతది. కానీ డాక్టర్‌కు అది పెద్ద గుర్తు.

పరీక్ష ఎట్ల చేస్తరంటె, పుండు నడుమ కాదు, అంచు కాడ, మంచి చర్మం పుండు కలిసేతాన, ఒక చుక్క నూనె ఏసి, మొద్దు బ్లేడుతోని సన్నగ నెత్తురు ఊరేదాక గీకుతరు. గీకినదాన్ని గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తరు. నాలుగైదు తాన్ల గీకాలె. ఒక్కసారికి దొరకలేదంటె గజ్జి లేదని కాదు, ఆ సొరంగం తవ్వేది చానాసార్లు దొరకదు. పరీక్షకు తెచ్చే ముందు నూనె, పసుపు, ఏ మందూ పూయకుండ తేండ్రి.

దీనికి డాక్టర్లు ఎక్కువగ ఐవర్‌మెక్టిన్ పేస్టు రాస్తరు, కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, మూతిల. రెండు వారాలకు మళ్ల. కాళ్ల గజ్జికి ఇది అంత బాగ పని చెయ్యది, అది చర్మం పైపైన ఉంటది కాబట్టి వెంట్రుక కత్తిరించి పై మందు పెట్టాలె. ఇప్పుడు బరువు. మీ గుర్రం బరువెంత? ఎవరికన్న తెలుసా? "మూడు క్వింటాళ్లు ఉండొచ్చు"... ఉండొచ్చు అంటె కుదరది. టేపు తీసుకోండ్రి. ముందు కాళ్ల ఎనక నుంచి ఛాతి చుట్టు కొలత సెంటీమీటర్లల్ల. భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివర ఎముక దాక పొడవు. చుట్టుకొలతను చుట్టుకొలతతోని గుణించి, పొడవుతోని గుణించి, 11,880 తోని భాగించుండ్రి. చుట్టుకొలత 150, పొడవు 140 అనుకుందాం. 150 ఇంటు 150, 22,500. ఇంటు 140, 31,50,000. భాగిస్తే 265 కిలోలు. మందు 53 మిల్లీగ్రాములు. 1.87 శాతం పేస్టుల గ్రాముకు 18.7 మిల్లీగ్రాములు ఉంటది, అంటె సుమారు 2.8 గ్రాముల పేస్టు. ట్యూబు కడ్డీ మీద కిలోల గీతలుంటయి, లెక్క రాకుంటే ఆ గీత కాడ బిరడ తిప్పి ఆపితే చాలు. ఈ లెక్క పెరిగిన గుర్రాలకే, చిన్న గుర్రప్పిల్లలకు పనికిరాదు. పెట్టేముందు నోట్ల గడ్డి లేకుండ చూడుండ్రి, లేకుంటే గడ్డితోని పాటు పేస్టు ఉమ్మేస్తది. కింద పడింది కుక్క నాకకుండ చూసుకోండ్రి.

ఆవులకు చేసే ఐవర్‌మెక్టిన్ సూది ఉన్నది కదా, అగ్గువ కదా, అది గుర్రానికి చేస్తే కాదా? వద్దు. గుర్రాలల్ల ఆ సూది చేసినతాన వాపు, కొన్నిట్ల ప్రాణం మీదికొచ్చే కుళ్లు రోగం వచ్చిందనే గుర్రాల సూదిమందును విదేశాలల్ల కంపెనీనే వెనక్కి తీసుకున్నది. మూతిల పెట్టే మందు ఉండంగ సూది ఎందుకు?

పిడుదులు. వీటికి ఒళ్లు, నేల రెండూ లెక్కనే. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి దిగి గోడ పగుళ్లల్ల వేల గుడ్లు పెడ్తది. అందుకే మట్టి గోడ కొట్టంల పిడుదులు తరగయి. పగుళ్లు మూసి, సున్నం ఏసి, అప్పుడు మందు కొట్టాలె. కోళ్లు పిడుదులను ఏరి తింటయి, నిజమే, పాతోళ్లు అందుకే కోళ్లను ఇడిసేది. కానీ ఇందాక చెప్పిన అతుక్కునే పురుగు కూడ కోడితోనే వస్తది. పగలు ఏరుకొని తిననియ్యుండ్రి, రాత్రి వేరే గంప కింద మూసుండ్రి.

చెవి లోపల, జూలు కింద, దవడ నడుమ, తోక కింద, ఎనక తొడల సందుల రోజు చెయ్యి పెట్టి తడుమాలె. దొరికితే పట్టుకారుతోని చర్మానికి ఆనించి మూతి కాడ పట్టి, మెలితిప్పకుండ నిట్టనిలువుగ మెల్లగ గుంజాలె. బీడీ అంటించుడు, కిరోసిన్ పోసుడు చేస్తే అది లోపటికి కక్కుతది, రోగం ఎక్కుతది. ఏం రోగం? నెత్తుర్ల ఎర్ర కణాలను పగలగొట్టే క్రిములు. జ్వరం, చిగుళ్లు పాలిపోవుడు లేకుంటే పచ్చబడుడు, ఉచ్చ ఎర్రగ కాఫీ రంగుల రావుడు. గుర్రం మామూలు వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీలు, మీ థర్మామీటరుల 99.5 నుంచి 101.3. వంద రూపాయల థర్మామీటరు ఒకటి కొట్టంల వేలాడదీసుకోండ్రి. ఈ క్రిములల్ల ఒకటి, గుర్రం బాగైనా జీవితాంతం నెత్తుర్ల ఉండిపోతది. అందుకే ఒక్క సూదితోని నాలుగు గుర్రాలకు ఇంజక్షన్ చేసుడు పిడుదు పని మనం చేసినట్టే.

ఈగల గురించి రెండు ముక్కలు. పెద్ద జోరీగలు సర్రా అనే జ్వరాన్ని ఒక గుర్రం నుంచి ఇంకోదానికి మోస్తయి, చెరువు గట్టుల కాడ మేపేటోళ్లు జాగ్రత్త. సన్న నుసుమ కరిస్తే కొన్ని గుర్రాలకే పడది, జూలు, తోక రాసి రాసి పుండ్లు చేసుకుంటయి. ఆ నుసుమకు ఎగిరే బలం తక్కువ, కొట్టంల ఒక ఫ్యాను తిప్పితే గాలికి నిలువది. పొద్దుగూకేటప్పుడు, తెల్లారుజామున ఫ్యాను నడువాలె. ఇంక మీరు బర్సాతీ అనే పుండు. ఈగ మోసుకొచ్చిన పురుగు పిల్ల గాయంల చేరి, బియ్యపు నూకల లెక్క పసుపు గట్టి రవ్వలతోని మానకుండ పెరుగుతది. చిన్న గాయమైనా వానకాలంల ఈగ వాలకుండ మూసి పెట్టుండ్రి. ఇట్లనే కనబడే బూజు రోగం ఇంకోటి ఉన్నది, దానికి మందు వేరు, కాబట్టి సొంత వైద్యం వద్దు.

ఒకాయన చెయ్యెత్తిండు... "తోక ఒక్కటే రాస్తది, ఒంటి మీద ఏం లేదు" అంటున్నడు. మంచి ప్రశ్న. చర్మం మీద ఎతకకుండ్రి. అది పేగు చివర ఉండే నట్ట. బయటికొచ్చి తోక కింద గుడ్లు పెట్టిపోతది, ఆ జిగటకు దురద. పొద్దున కడగకముందు పారదర్శక టేపు ముక్కను మలద్వారం అంచుకు అద్ది, గాజు పలక మీద అంటించి తీసుకపోండ్రి. దవాఖానల ఒక నిమిషంల తేలుతది.

ఇంకో హెచ్చరిక. కాలి మీద, మెడ మీద గడ్డలు వరుసగ, పూసలు గుచ్చినట్టు లేచి పగిలి జిగట కారుతుంటే, ముక్కు నుంచి చీమిడి కూడ ఉంటే, అది గజ్జి కాదు, గ్లాండర్స్ కావచ్చు. మనిషికి అంటుతది, ప్రాణం తీస్తది. ముట్టకుండ్రి, వేరే గుర్రాలకు దూరంగ కట్టి, అధికారులకు చెప్పుడు చట్టప్రకారం తప్పనిసరి.

ఫోన్ 1962, సంచార పశువైద్య వాహనం. చర్మం గీకి చూడాలంటె మామునూరు పశువైద్య కళాశాలకు తేండ్రి, జగిత్యాల దిక్కోళ్లకు కోరుట్ల పశువైద్య కళాశాల దగ్గర.

ఇప్పుడు బయట వేపచెట్టు కింద ఒక గుర్రాన్ని కట్టినం, దాని ఓనరు ఒప్పుకున్నడు. జూలు పాపిడి తీసుడు, దువ్వుడు, కాగితం పరీక్ష చేసి చూపిస్త. పదిమంది కంటె ఎక్కువ ఒక్కసారి రాకుండ్రి, ఎనక కాళ్ల దిక్కు ఎవరూ నిలబడొద్దు. దూది, తెల్ల కాగితం ఆ బల్ల మీద ఉన్నయి, ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకొని రాండ్రి.